బేతనియపేట పాల బస్సు

1982 ఎండాకాలం. ఆత్మకూరు బస్సు డిపోలో నేను ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్‌ని. అందరూ టీఐ అని పిలిచేవాళ్ళు. బస్సు నడిపేది డ్రైవరు, టికెట్లు కొట్టేది కండక్టరు, బాగుచేసేది మెకానిక్కు, మరి టీఐ అనేవాడు ఏం చేస్తాడయ్యా అని మా మామగారు పిల్లనివ్వడానికి ముందు అడిగాడు. ఏ బస్సు ఏ వేళకు ఎక్కడ బయల్దేరాలి, ఎటు తిరగాలి, రాత్రికి ఎక్కడ ఆగాలి, అట్లా తిరిగితే డీజిలు ఖర్చన్నా వస్తుందా అని లెక్కలు కట్టేది నేనేనని చెప్పాను. "అంటే పురోహితుడివన్న మాట, ముహూర్తాలు పెడతావు" అన్నాడాయన. నాకు ఆ పోలిక నచ్చింది. ముహూర్తం తప్పితే పురోహితుణ్ణి ఎవరూ ఏమీ అనరు గానీ, టీఐని మాత్రం డిపో మేనేజరు నుంచి బస్టాండులో సోడాలమ్మేవాడి దాకా అందరూ తిడతారు. అదొక్కటే తేడా.

మా లెక్కల్లో అన్నిటికంటే పెద్దమాట ఈపీకే. ఎర్నింగ్స్ పర్ కిలోమీటర్, అంటే బస్సు ఒక కిలోమీటరు తిరిగితే ఎంత రాబడి వచ్చిందన్నది. అది ఖర్చుకంటే దిగువకు పోయిందంటే ఆ సర్వీసుకు నూకలు చెల్లినట్టే. నెల్లూరు వైపు పోయే మా బస్సులకు ఆ బెంగ లేదు, కాలు పెట్టే సందు ఉండేది కాదు. పడమటి వైపు, ఉదయగిరి దారిలో తిరిగేవాటి సంగతి వేరు. మెట్ట నేల, వానొస్తేనే పంట, పంటొస్తేనే జనం చేతిలో చిల్లర. ఆ రూట్లకు కొత్త బస్సు అడిగితే ఏ మేనేజరైనా మొహం తిప్పుకునేవాడు.

అట్లాంటి రోజుల్లో ఒక పూట నలుగురు ఆడవాళ్ళు నేరుగా మా మేనేజరుగారి గదిలోకి వచ్చేశారు. ఆయన అప్పుడే టీ గ్లాసు అందుకున్నాడు. నేను ఎదురుగా కూర్చుని రెండు నెలల రాబడి లెక్కలు చూపిస్తున్నాను. అందరికంటే ముందున్నామె పేరు కరుణమ్మ. నలభై ఏళ్ళుంటాయి, సన్నగా, నిటారుగా ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, మా పేటకు బస్సు గావాల" అంది.

"ఎందుకమ్మా?" అన్నాడు మేనేజరు.

"పాలకు."

ఆయన నవ్వాడు. "పాలకు బస్సు వెయ్యరమ్మా, మనుషులకు వేస్తారు."

"పాలు ఒకటే నడిచి రావు కదా సార్. మనుషులం కూడా వస్తాం."

వాళ్ళది బేతనియపేట. వింజమూరు దాటి దుత్తలూరు వైపు పోతుంటే పక్కకు ఒక కంకర రోడ్డు చీలుతుంది. ఆ రోడ్డు మీద ముందు ఊరు వస్తుంది, ఊరు దాటాక బేతనియపేట. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు ఇప్పటికీ ఎదురుపడితే నాతో బాగానే మాట్లాడతారు, అది చెడగొట్టుకోవడం దేనికి? పేటలో ఉన్నవాళ్ళంతా తాతల నాడు మిషను దొరలు వచ్చినప్పుడు బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలు. పెంకుల చర్చి ఒకటి, దాని ముందు విశాలమైన మైదానం, చుట్టూ ఇళ్ళు. ఊరివాళ్ళు మాత్రం దాన్ని పల్లె అనే అనేవాళ్ళు, మా వైపు పల్లె అంటే అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టిన వాడ. బేతనియపేట అన్న మాట వాళ్ళ నోట వచ్చేది కాదు.

ప్రభుత్వ పథకం కింద పేటలో ఆడవాళ్ళకు బర్రెలు వచ్చాయి. మంచి పాడి బర్రెలు. అయితే ఇచ్చినవాళ్ళు ఒక సంగతి ఆలోచించలేదు. పల్లెలో పిండిన పాలు ఊళ్ళో ఎవరూ పోయించుకోరు. కూలికి పిలుస్తారు, కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టిస్తారు, పాలు మాత్రం ముట్టరు.

"వింజమూరుకు నెత్తిన పెట్టుకొని నడిచినాం సార్. ఎండకు దార్లోనే ఇరిగిపోతన్నాయి" అంది కరుణమ్మ. "ఆత్మకూరులో టీ అంగళ్ళోళ్ళు ఎన్ని తెచ్చినా పోయించుకుంటాం అన్నారు. ఈడ ఎవురు పిండినారని అడిగేవాళ్ళు లేరు. ఊళ్ళో మా పాలు ముట్టని పెద్దోళ్ళే ఈ బస్టాండుకొచ్చి ఎవురు పిండినారో తెలీని పాలతో కాచిన టీ ఊదుకుంటా తాగతారు."

మేనేజరు చేతిలో గ్లాసు వైపు ఒకసారి చూసుకున్నాడు. మిగిలిన టీ తాగేశాడు.

"బస్సు రాకపోతే ఏం చేస్తారు?" అని నేను అడిగాను.

"ఏం జేస్తాం. బర్రెల్ని సంతకు తోలేసి మళ్ళా వాళ్ళ చేలల్లోకి కలుపుకు పోతాం. వానాకాలం దాకా జూస్తాం సార్, ఆపైన మావల్ల గాదు."

ఆమె బతిమాలలేదు. జరగబోయేది చెప్పింది, అంతే. నాకు ఆ మాట తీరు నచ్చింది.

మేనేజరు డెల్టా వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. చెడ్డవాడు కాదు, కాగితం మీద నిలబడని పని మాత్రం చెయ్యడు. "సర్వే చేసి రావయ్యా" అన్నాడు. ట్రాఫిక్ సర్వే అంటే ఆ దారిన ఎవరు, ఎటు, ఏ వేళకు పోతారో చూసి రావడం. మామూలుగా మా వాళ్ళు రోడ్డు పక్క హోటల్లో కూర్చుని టీ తాగి అంకెలు వేసుకొచ్చేవాళ్ళు. నేను ఊరికీ పేటకూ నడిచాను. పేటలో ఒక పూట, ఊళ్ళో ఒక పూట ఉండి, పొద్దున్నే ఎవరెవరు బయటికి కదులుతారో చూశాను.

రెండు సంగతులు తేలాయి. మొదటిది, ఆ దారిన బస్సు వస్తే వెనక్కి తిరిగే చోటు చర్చి మైదానం ఒక్కటే. ఊళ్ళో వీధిన బస్సు దూరి పోగలదు గానీ తిరగలేదు, మధ్యలో రచ్చబండ అడ్డం. రెండోది, మా డిపోకు సాయంత్రం ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు ఖాళీగా తిరిగొచ్చే బస్సు ఒకటుంది. పొద్దున ఉదయగిరికి పోయేటప్పుడు కూడా అందులో ఈగలే. పొద్దున జనమంతా ఇటువైపు వచ్చేవాళ్ళు, బస్సేమో అటువైపు పోతుంది. అందుకే ఆ బస్సును రాత్రికి ఆత్మకూరుకు రప్పించకుండా బేతనియపేటలో ఆపేసి, పొద్దున అక్కడి నుంచే బయల్దేరదీస్తే? దీన్ని మేం నైట్ హాల్ట్ అంటాం. బస్సూ, డ్రైవరూ, కండక్టరూ ఆగిన చోటే పడుకుంటారు, వాళ్ళకు చోటు, తిండి అక్కడివాళ్ళు చూస్తారు. కొత్త బస్సు అక్కర్లేదు, కొత్త మనుషులు అక్కర్లేదు. ఉన్న బస్సు పడుకునే చోటు మారుస్తున్నాం. నాకైతే అది గీస్తున్నప్పుడే సంతోషంతో కాళ్ళు నేల మీద ఆగలేదు. ఈ వృత్తిలో అంత శుభ్రమైన ప్లాను పదేళ్ళకొకటి తగులుతుంది.

అయితే ఆ పేటలో పడుకోవడానికి సిబ్బంది ఒప్పుకోవాలి కదా. కండక్టర్లలో ఒకడికి నడుము నొప్పి, ఇంకొకడికి ఇంట్లో వ్రతం. అసలు కారణం నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. మస్తాన్ అనే డ్రైవరు మాత్రం తనే వచ్చి అడిగాడు. అతనిది ఉదయగిరి. అన్నదమ్ములంతా కొండ కట్టెతో గరిటెలు, ఫోర్కులు చెక్కేవాళ్ళు, ఇతనొక్కడే స్టీరింగు పట్టాడు.

"నేను పోతా సార్" అన్నాడు.

"చర్చి పక్కన గదిలో పడుకోవాల మస్తానూ."

"ఉండనీ సార్. వాళ్ళు దేవుణ్ణి పిలుచుకునే చోటే కదా, నేను ఒక మూల చాపేసుకొని నమాజు చేసుకుంటా. మా అన్నోళ్ళ గరిటెలు కూడా ఏయెస్ పేట దర్గా కాడ అంగళ్ళకు ఈ బస్సులోనే యేస్తా. లగేజీ టికెట్టు కొట్టించే యేస్తాలే, అట్ట జూడబాకండి."

మస్తాన్ కదిలేసరికి కొత్తగా చేరిన ఒక కండక్టరు కూడా సరేనన్నాడు. మూడు నెలల ట్రయల్ సర్వీసుకు అనుమతి వచ్చింది. ట్రయల్ అంటే పెళ్ళిచూపులు. ఈపీకే బాగుంటే ఖాయం చేస్తారు, లేదంటే నమస్కారం పెట్టేస్తారు.

మొదటి రోజు పొద్దున్నే నేను అక్కడే ఉన్నాను. పేట ఆడవాళ్ళు పాల క్యాన్లు వెనక వరసలో సర్దుకుని, ఉతికిన చీరల్లో సీట్లలో కూర్చున్నారు. పాస్టరుగారు ప్రార్థన చేశాడు. మస్తాన్ తన వంతుగా అల్లాను తలచుకున్నాడు. కండక్టరు స్టీరింగు దగ్గరున్న వెంకటేశ్వరస్వామి పటానికి దండం పెట్టుకున్నాడు. ఇంతమంది దేవుళ్ళు పూనుకున్నారు కనక ఇక దిగుల్లేదనుకున్నాను.

బస్సు ఊళ్ళోకి వచ్చి ఆగింది. రచ్చబండ దగ్గర పది పదిహేను మంది నిలబడి ఉన్నారు, చేతుల్లో సంచులతో. ఒకాయన మెట్టు మీద కాలు పెట్టి లోపలికి చూశాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు. రెండో ఆయన కిటికీలోంచి చూసి పక్కకు జరిగాడు. ఒక్కడూ ఎక్కలేదు.

విషయం నాకు అప్పుడు గాని వెలగలేదు. బస్సు ఎక్కడ మొదలైతే అక్కడివాళ్ళకు సీట్లు దొరుకుతాయి. పల్లెవాళ్ళు కూర్చుని ఉంటే వాళ్ళ ముందు కమ్మీ పట్టుకుని నిలబడి ఆత్మకూరు దాకా పోవాలి. అది ఊరికి మింగుడుపడలేదు. తమాషా ఏమిటంటే, వాళ్ళంతా ఆ పూట పొలాలకు అడ్డంపడి మెయిన్ రోడ్డుకు నడిచి, అక్కడ కిక్కిరిసిన బస్సులో ఆత్మకూరు దాకా ఒంటికాలి మీద నిలబడే పోయారు. అందులో పక్కన ఎవరు రాసుకున్నారో వాళ్ళకు తెలియదు కనక పట్టింపు లేదు.

ఆ నెల ఈపీకే చూస్తే నేలబారుగా ఉంది. పాల లగేజీ, పేట టికెట్లు, మస్తాన్ అన్నల గరిటెల బుట్టలు కలిసి ఖర్చులో సగం దాకా మోశాయి. మిగతా సగానికి ఊరు రావాలి.

ఊరు వచ్చింది గానీ, బస్సులోకి కాదు, డిపోకు. ఊరి పెద్ద కోదండరామయ్యగారు ఇద్దరిని వెంటబెట్టుకుని మేనేజరు గదికి వచ్చాడు. ఆజానుబాహువు, మాట మెత్తన. "మా కళ్ళం స్థలం ఉత్తపుణ్యానికి ఇస్తాం. బస్సు ఆడ తిరగొచ్చు. మీ వాళ్ళకు గది కట్టిస్తాం, ఇంట్లోనించి భోజనం పంపిస్తాం. పల్లెలోకి ఎందుకయ్యా పోవడం, ఆ నాలుగడుగులు వాళ్ళు నడిచి రాలేరా?" అన్నాడు.

ఆయన పోయాక మేనేజరు నా వైపు తిరిగాడు. "స్థలం ఊరికే, గది ఊరికే, అన్నం ఊరికే. నీకేంటయ్యా నొప్పి?"

కాగితం మీద చూస్తే నిజంగానే నొప్పి లేదు. మర్నాడు సాయంత్రం ఆ బస్సు పేటకు తిరిగేటప్పుడు అందులోనే పోయి కరుణమ్మను అడిగాను. ఆమె క్యాను కడుగుతోంది. చెయ్యి ఆపలేదు.

"ఊళ్ళో పెద్ద వీధిన మేం చెప్పులేసుకొని నడిస్తేనే ఓర్చుకోరు సార్. పొద్దున్నే పాల క్యాన్లు నెత్తిన పెట్టుకొని వాళ్ళ వాకిళ్ళ ముందర పోనిస్తారా? పోనిచ్చినా, బస్సు ఆడ మొదలైతే వాళ్ళు ఎక్కినాక మేం ఎక్కాల. క్యాన్లు యాడ బెడతాం? ఒకదినం చోటు లేదంటారు, రెండోదినం చోటు లేదంటారు. మూడోదినానికి బర్రెను సంతకు తోలతాం. బస్సు మాత్రం పోతానే ఉంటాది."

నాకు ఒళ్ళు మండింది. కరుణమ్మ మీద కాదు. ఇంత తేలిగ్గా మాయం కాగల దాన్ని నేను ప్లాను అని పిలుచుకుంటున్నందుకు. డిపోకు వచ్చి మేనేజరు ఎదుట నిలబడ్డాను. కోపంతో అరిస్తే ఆయన వినడని తెలుసు కనక ఆయన భాషలోనే చెప్పాను.

"సార్, బస్సు ఊళ్ళో మొదలుపెడితే ఊరు ఎక్కుతుంది, పాలు దిగిపోతాయి. ఊరివాళ్ళు వారానికి రెండు రోజులు ప్రయాణం చేస్తారు. బర్రె వారానికి ఏడు రోజులు పాలిస్తుంది. పండగ లేదు, అమావాస్య లేదు. రోజూ వచ్చే గిరాకీ వదిలేసి అప్పుడప్పుడు వచ్చేదాని వెంట ఏ వ్యాపారస్థుడైనా పోతాడా? మనకు రెండూ కావాలి."

"రెండూ ఎట్లా వస్తాయి?"

"టైము మారిస్తే వస్తాయి."

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "ట్రయల్ అయ్యేదాకా నీ ఇష్టం. ఆ తర్వాత నా ఇష్టం" అన్నాడు. ఆ మాట అనడం ఆయనకు తేలిక కాదు. కోదండరామయ్యగారికి పైన తెలిసినవాళ్ళున్నారు.

నా ఉపాయం ఇది. ఆత్మకూరు నుంచి పొద్దున నెల్లూరుకు మొదటి ఎక్స్‌ప్రెస్ ఒకటి పోతుంది. కోర్టు వాయిదాలకు, పెద్దాస్పత్రికి, కలెక్టరాఫీసుకు పోవాలంటే అదే దిక్కు. మెయిన్ రోడ్డు మీద వచ్చే బస్సు దాన్ని అందుకోలేదు, ఆత్మకూరులో దిగేసరికి అది వెళ్ళిపోయి ఉంటుంది. మా బస్సు ఇంకాస్త ముందుగా కదిలితే అందుకుంటుంది. దీన్ని కనెక్షన్ అంటాం. రెండు బస్సులు ఒక చోట కలిసేట్టు టైములు కుదర్చడం. ఆ కనెక్షన్ దొరికితే ఊరివాళ్ళకు మా బస్సు తప్ప గతి ఉండదు. పట్టింపు పట్టింపే గానీ, వాయిదా తప్పితే కేసు పోతుంది.

చిక్కల్లా బర్రెల దగ్గర వచ్చింది. బస్సు అంత ముందుగా పోతే పాలు పితకడం కావాలి కదా. మళ్ళీ కరుణమ్మ దగ్గరికే పోయాను.

"మా బర్రెలకు నీ టైము ఎవురు చెప్పాల సార్?" అని నవ్వింది. ఆమె నవ్వగా చూడడం అదే మొదలు. "ఆ యాళకు అవి చేపవు." చేపడమంటే బర్రె పొదుగులోకి పాలు దించడం. అది దాని ఇష్టం, టీఐ ఇష్టం కాదు.

"ఏం చేసినా చేపవా?"

ఆమె పక్కనున్న వాళ్ళతో ఏదో మాట్లాడుకుంది. "దాణా ముందు బెడితే ముందే చేపుద్ది. ఒక్కసారిగా గాదు. దినానికి కొంచెం కొంచెం జరుపుకుంటా రావాల. పసిబిడ్డకు అన్నం అలవాటు జేసినట్టు."

అట్లాగే చేశాం. వాళ్ళు దాణా వేళ కొంచెం కొంచెం ముందుకు జరుపుతూ వచ్చారు, నేను బస్సు టైము వాళ్ళ వెనకే జరుపుతూ వచ్చాను. బర్రెల చేపు చూసి బస్సుకు టైము పెట్టిన టీఐని నేనొక్కణ్ణే అయ్యుంటాను. రెండు వారాలు దాటేసరికి మా బస్సు నెల్లూరు ఎక్స్‌ప్రెస్‌ను అందుకుంది.

తర్వాత జరిగింది మాత్రం నేను ఊహించలేదు. మన దేశంలో సీటు దక్కించుకోవడానికి కిటికీలోంచి తువాలు వేస్తే చాలు, ఆ సీటు మనది. తువాలు మురికిదైనా, పట్టంచుదైనా చట్టం ఒక్కటే. కనెక్షన్ దొరికిన నాలుగో రోజున మస్తాన్ డిపోలో నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"సార్, ఈ దినం నా బస్సులో మనుషులకన్నా తువాళ్ళు ఎక్కువ కూర్చోనుండాయి."

ఊరి పెద్దలు తెల్లవారకముందే పాలేళ్ళ చేతికి తువాళ్ళిచ్చి పేటకు పంపుతున్నారు. వాళ్ళు వచ్చి ముందు వరసలన్నీ పరిచేసి పోతున్నారు. పేట ఆడవాళ్ళు వాటిని ముట్టుకోలేక క్యాన్లు పట్టుకుని వెనక నిలబడుతున్నారు. బస్సు ఊళ్ళోకి రాగానే ఆ పెద్దలు ఎక్కి తమ తువాళ్ళ మీద కూర్చుంటున్నారు. ఈపీకే చూస్తే పెరిగింది. నోరు మూసుకుని ఊరుకుంటే నా పని అయిపోయేది. ఊరుకోలేదు, అందుకు ఇప్పటికీ నన్ను నేనే మెచ్చుకుంటాను.

మర్నాడు పొద్దున నేనే పోయి మైదానంలో అందరూ వినేట్టు చెప్పాను. బస్సు కదిలేలోపు తువాలు తాలూకు మనిషి వచ్చి కూర్చుంటే సీటు అతనిదే. రాకపోతే తువాలుకు టికెట్టు కొట్టం. ఆ పూట మిగిలిన తువాళ్ళన్నీ కండక్టరు వెనక తలుపు కమ్మీకి ముడేశాడు. బస్సు ఊళ్ళో ఆగితే ఒక్కొక్కరూ వచ్చి ఎవరి తువాలు వాళ్ళు విప్పుకోవలసి వచ్చింది. ఏ తువాలు ఎవరిదో తేల్చుకోలేక కాసేపు పేచీ కూడా పడ్డారు. మస్తాన్ హారన్ కొట్టకుండా ఓపిగ్గా చూస్తూ కూర్చున్నాడు, మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఒకరిద్దరు తిట్టారు. ఒకాయన నా ఉద్యోగం ఊడగొడతానన్నాడు. అయినా ఆ వారం లోపలే, నెల్లూరుకు పోవలసిన కుర్రాళ్ళు ఇద్దరు తెల్లవారుజామున పేట దాకా నడిచొచ్చి సీట్లో కూర్చున్నారు. తర్వాత పొగాకు బేరగాడు. తర్వాత ఆస్పత్రికి పోయే ముసలామె, కొడుకు భుజం పట్టుకుని. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ పల్లెలో కాలు పెట్టనివాళ్ళు సీటు కోసం చర్చి ముందు వరసలో నిలబడ్డారు. ఎవరూ వాళ్ళకు నీతులు చెప్పలేదు. నిలబడి ప్రయాణం చెయ్యడంకంటే నడిచి రావడం నయమనిపించింది, అంతే.

ట్రయల్ ముగిసే వారం కోదండరామయ్యగారికి నెల్లూరు కోర్టులో వాయిదా పడింది. ఆ రోజు నేను బస్సులోనే ఉన్నాను. ఆయన తెల్ల పంచెతో, చేతిలో కాగితాల సంచితో మైదానం అంచున నిలబడ్డాడు. కరుణమ్మ చర్చిలోంచి బెంచీ ఒకటి తెప్పించి వేసి, "కూసోండయ్యా" అంది. ఆయన కూర్చోలేదు. కాదని కూడా అనలేదు. బస్సు తలుపు తీయగానే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. వెనక నిండిపోయి, కరుణమ్మ క్యాను ఆయన సీటు పక్కనే నడవాలో ఆగింది. ఆయన పక్క సీట్లో నేనున్నాను.

"ఈ క్యాను కాస్త అవతలికి జరపరాదా?" అన్నాడు.

"ఎనక చోటు లేదయ్యా. జరిపితే ఒలుకుద్ది" అంది కరుణమ్మ వెనక సీటు నుంచి.

ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఊరు దాటాక కంకర రోడ్డు మీద ఒక వాగు దిగుడు ఉంది. అక్కడ బస్సు ఒరిగింది, క్యాను జారి పక్కకు వాలింది. నేను చెయ్యి చాపేలోపే నా మోకాళ్ళ మీదుగా వంగి ఆయన పట్టుకున్నాడు. రైతు చెయ్యి కదా, పాలు ఒలికిపోతుంటే ఊరుకుంటుందా? బస్సు సర్దుకుంది గాని ఆ దారంతా గుంతలే. ఆయన చెయ్యి తియ్యలేదు. మెయిన్ రోడ్డు ఎక్కేదాకా మూత మీద చెయ్యి ఆనించే ఉంచాడు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను, చూస్తున్నానని తెలిస్తే తీసేస్తాడేమోనని.

ట్రయల్ పూర్తయ్యేసరికి ఈపీకే గీత దాటింది. ఉదయగిరి వైపు తిరిగే మా సర్వీసుల్లో అదే అన్నిటికంటే పైన నిలిచింది. మేనేజరు సంతకం పెడుతూ, "ఊళ్ళోవాళ్ళు ఏమంటున్నారయ్యా?" అని అడిగాడు. "సీటు దొరకడం లేదంటున్నారు సార్" అన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు. నెల్లూరు మీటింగులో ఈ సర్వీసు సంగతి తనే నిలబడి చెప్పాడు, ప్లాను నాదని కూడా చెప్పాడు. అందరు మేనేజర్లూ అట్లా చెప్పరు.

కరుణమ్మ బర్రెను అమ్మలేదు. ఇంకోదాన్ని కొనింది. పేటలో మిగతావాళ్ళు కూడా కొన్నారు. కలుపుకు పోవడం మానేశారని కాదు, పోవాలా వద్దా అన్నది ఇప్పుడు వాళ్ళు అనుకుంటే జరిగేదైంది.

చాలా ఏళ్ళ తర్వాత, నేను డిపోలో సీనియర్ని అయ్యాక, ఒక తుపానుకు ఆ కంకర రోడ్డు కొట్టుకుపోయింది. అప్పటికి మేనేజరు మారాడు. కొత్తాయన ఆ సర్వీసు కొన్నాళ్ళు ఆపేద్దామన్నాడు. ఆ మాట బయటికి పొక్కిన మర్నాడే కోదండరామయ్యగారు వచ్చాడు. ముసలివాడైపోయాడు, చేతికర్ర వచ్చింది. పక్కన కరుణమ్మ కూడా ఉంది. ఆ సరికి ఆయన ఇంటి పాలు కూడా అదే బస్సులో, అదే నడవాలో, పేట క్యాన్ల పక్కనే ఆత్మకూరుకు వస్తున్నాయి. ఆత్మకూరులో అన్నీ ఒకే తొట్టిలో పోస్తారు.

"రోడ్డు బాగయ్యేదాకా ఓపిక పట్టండి, ఊరివాళ్ళు మెయిన్ రోడ్డుకు నడవొచ్చు కదా" అన్నాడు కొత్త మేనేజరు.

"మేం నడుస్తాం లేవయ్యా, మాకేంది" అన్నాడు కోదండరామయ్యగారు. "వాళ్ళ పాలు ఏం గావాల?"

వాళ్ళ పాలు అన్నాడు. తనవి అనలేదు. కరుణమ్మ ఆయన వైపు తిరిగి చూసింది. మర్నాడు ఊరూ పేటా పారలు తీసుకుని కలిసి దిగారు, మస్తాన్ బస్సు పట్టేంత దారి పూడ్చారు.

ముప్పై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నాను. తిరుపతికి, మద్రాసుకు వేసిన ఎక్స్‌ప్రెస్ సర్వీసులు కూడా నా ఖాతాలో ఉన్నాయి. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు రూటు ప్లాను ఎట్లా వెయ్యాలని అడుగుతుంటారు. రాబడి, ఖర్చు, కిలోమీటర్లు అన్నీ నేర్పుతాను, అవి లేకపోతే బస్సు నిలవదు. చివరికి ఒక ప్రశ్న అడగమంటాను. ఈ బస్సు ముందుగా ఎవరి గుమ్మంలో ఆగుతుంది? బేతనియపేట నాకు నేర్పింది అదే. ఎప్పుడూ చివరన నిలబడేవాళ్ళ గుమ్మంలో బస్సును మొదలుపెట్టాను. మిగతా ఊరు అక్కడికి తనే నడిచొచ్చింది.